కృష్ణదేవిపేటలోని రెండు సమాధులు



నేడు మీకు ఒక చిన్న యాత్రను గూర్చి చెప్పదలచితిని. ఇది కాశీయాత్ర కాదు, రామేశ్వరయాత్రయు కాదు. విశాఖపట్టణమున తెల్లవారుజామున బస్సెక్కినవాడు దీపాల వేళకు తిరిగి యిల్లు చేరుకొనవచ్చును. అంత దగ్గరి చోటికి పోవుటకు నాకు ముప్పదియేండ్లు పట్టినది. ఆ యాలస్యమునకు గల కారణము కూడ ఈ ప్రసంగములో ఒక భాగమే గనుక దానితోనే మొదలుపెట్టెదను.

నేను చిన్ననాట గురువుల యొద్ద పంచకావ్యములును కొంత వ్యాకరణమును చదువుకొని, పిదప పరీక్షలు గట్టెక్కి, విశాఖపట్టణమున తెలుగు పండితుడనై పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. మా పాఠశాల ఓడరేవునకును ఉక్కు కర్మాగారమునకును నడుమనున్న పేటలోనిది. 1933లో ఓడరేవు తెరచినది మొదలు, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట మరింతగా, నలుదెసల నుండి జనులు కూలికిని కొలువునకును ఆ పట్టణము చేరిరి. అందుచేత మా తరగతిలో పల్లపు పిల్లలతోపాటు, మన్యమునుండి దిగి వచ్చి హాస్టలులో నుండి చదువుకొను పిల్లలును కూర్చుండెడివారు. చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు లేని యేడు ఆ పాఠము కూడ నా పాలబడెడిది.

ఏటేట జూలై 4వ తేదీన అల్లూరి సీతారామరాజు జయంతికి నేనే ఉపన్యసించెడివాడను. నా కంఠము గట్టిది. విల్లమ్ములు, కారడవులు, తెల్లదొరల గుండెలు ఝల్లుమనుట, వీటి నన్నిటిని వర్ణించి పిల్లలచేత చప్పట్లు కొట్టించుకొనెడివాడను. ఒక యేడు ఉపన్యాసము ముగియగానే వెనుక వరుసలోని కొండపిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, రాజుగారొక్కరే సేసేరేటండీ? గంటం దొర పేరు సెప్పరేటి?" అని యడిగెను. వాని మాటలో ధిక్కారము లేదు. తమ యింటివారి పేరు పిలుపులో తప్పిపోయినప్పుడు బంధువు అడుగునట్లు అడిగెను. నాకు గంటం దొరను గూర్చి పేరు తప్ప మరేమియు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "అది పరీక్షకు రాదురా, కూర్చో" అంటిని. వాడు కూర్చుండెను. తరగతి నవ్వెను. వాడు మరల నన్ను ఏ ప్రశ్నయు అడుగలేదు.

ఉద్యోగము విడిచిన తరువాత ఆ మాట నన్ను పలుమారు పొడిచినది. ఒక వైశాఖమాసమున, ఎండలు ముదిరిన దినములలో, రాజు సమాధిని చూచి వత్తమని బయలుదేరితిని.

అనకాపల్లి దాటి తాళ్లపాలెము కూడలి వద్ద బస్సు పెద్దరోడ్డు విడిచి నర్సీపట్టణము దారి పట్టును. అక్కడినుండి లోపలికి పోయినకొలది కొండలు దగ్గరపడును. మన్యమనగానే పచ్చదనమును తలచుకొందుము గాని, మే నెలలో దాని రూపు వేరు. ఏళ్లలో నీరింకి యిసుక తెల్లగా మెరయుచుండెను. చెట్లాకులు రాలి, గుట్టలు ఎముకలు తేలిన పశువులవలె కనబడుచుండెను. గాలి వీచిన దుమ్మే, వీవకున్న ఉక్కయే. గ్రంథములలో చదివిన యెడారి ఇట్లే యుండునేమో యనిపించినది. రాజు పట్టుబడినదియు ఇట్టి యెండలలోనే.

కృష్ణదేవిపేట గొలుగొండ మండలములోని యూరు. అచట ఉద్యానవనములో రాజు సమాధి యున్నది. ఆయన దేహమును అచట పూడ్చలేదు. దహనము చేసిరి. ఆ బూడిద గురుతుగా వెలసిన సమాధి యది. నేను పోవునప్పటికి పట్టణమునుండి వచ్చిన యువకులు కొందరు సమాధి ముందు నిలిచి ఫోటోలు తీసికొని, చెప్పులు తొడుగుకొని వెడలిపోయిరి. వారిని తప్పుపట్టను. ఆ కుఱ్ఱవాని ప్రశ్న నా వెంట లేకున్న నేనును అట్లే వెడలిపోయి యుందును.

ఈ యూరికే రాజు సమాధి యెందుకు దక్కినదో తెలియవలెనన్న ఆయన కథను ఒక్కమారు వెనుకనుండి చూడవలెను.

రాజు 1897 జూలై 4న విశాఖపట్టణము జిల్లాలోని పాండ్రంగిలో మాతామహుల యింట పుట్టెను. వంశమువారి యూరు పశ్చిమగోదావరిలోని మోగల్లు. విశాఖపట్టణపు ఎ. వి. యన్. కళాశాల పాఠశాలలో కొంతకాలము చదివెను. చదువు నిలువలేదు, తిరుగుట నిలిచినది. ఉత్తరదేశయాత్రలు చేసి 1917లో కృష్ణదేవిపేట ప్రాంతమునకు వచ్చెను. అప్పుడాయనకు ఇరువదియేండ్లు. కాషాయము కట్టి జపతపములు చేసికొనుచు, రోగులకు మూలికలిచ్చుచు, కల్లు సారాయి మానుడని చెప్పుచు, తగవులకు కోర్టులకు పోక పంచాయితీలలోనే తీర్చుకొమ్మనుచు తిరిగెను. కొండవారు ఆయనను మొదట ఎరిగినది తపస్విగానే.

ఇక కొండవారి బాధ యేమి? 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. చెట్టు కొట్టి కాల్చి ఆ బూడిదలో గింజ చల్లుకొను పోడు వ్యవసాయము తాతలనాటి బ్రదుకుతెరువు. దానికి అడ్డుకట్ట పడినది. వంటచెరకు తెచ్చుకొన్న తప్పు, పశువు తోలుకొనిపోయిన తప్పు. ముఠాదారులనబడు కొండ పెద్దలకు వంశపారంపర్యముగా వచ్చిన అధికారములు క్రమముగ కరిగిపోయినవి. వీటికి తోడు రోడ్లపని వచ్చినది. నర్సీపట్టణమునుండి చింతపల్లి వైపునకు కొండలు తొలిచి రోడ్లు వేయుటకు గూడెం తాసీల్దారు బాస్టియన్ కొండవారిని బలవంతముగ రప్పించి, సరియైన కూలి యియ్యక పనిచేయించెను. ఎదురాడినవానికి కొరడా. ఫిర్యాదు చేసిన వినువారు లేరు. మన్యమునకు ఇది మొదటి తిరుగుబాటును కాదు. 1879లో రంపలో లేచిన పితూరీ ఆ ప్రాంతమునంతటిని కుదిపివేసినది. తాతలు తిరుగబడిన కథ వినియున్న మనుమలే రాజు చుట్టును చేరిరి.

ఆ చేరినవారిలో మొదట చెప్పదగినవారు బట్టిపనుకుల గ్రామమునకు చెందిన గాము సోదరులు, గంటం దొర, మల్లు దొర. గంటం దొర ఆ యూరి మునసబుగా నుండి, ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు. అధికారమెట్లు నడుచునో, కూలి లెక్కలెట్లు తారుమారగునో లోపలినుండి చూచినవాడు. మొట్టడం వీరయ్య దొర, గోకిరి ఎర్రేసు, అగ్గిరాజని పేరొందిన వేగిరాజు సత్యనారాయణరాజు మొదలైనవారు తోడైరి. ఈ పేర్లను మీరు నెమ్మదిగ వినవలెనని నా మనవి. నా యుపన్యాసములలో ఇవి యేనాడును వినబడలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాను, 23న కృష్ణదేవిపేట ఠాణాను, 24న రాజవొమ్మంగి ఠాణాను వారు పట్టిరి. మూడు దినములు, మూడు ఠాణాలు. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తము 26 తుపాకులును, రెండువేల అయిదువందలకు పైగా తూటాలును చిక్కినవి. రాజవొమ్మంగి ఠాణాలో బందీగానున్న వీరయ్య దొరకు విడుదల దొరకినది. తీసికొన్న ఆయుధముల పట్టిక వ్రాసి, దానిక్రింద రాజు తన చేవ్రాలు చేసి వచ్చెను. దొంగ వ్రాలు చేయడు. అది తిరుగుబాటు గాని దోపిడి కాదని చెప్పుటకు అంతకంటె గట్టి సాక్ష్యము అక్కరలేదు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్లాధికారులు హతులైరి. వారి ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, దొరలు గురికి వచ్చినంతవరకు కాచియుండిరి. మనవారిని చంపరాదని రాజు పెట్టిన కట్టుబాటు. మలబారు పోలీసులు వచ్చిరి. తరువాత అస్సాం రైఫిల్సు దళములు దిగినవి. కొండదారి తెలిసినవాడు, ఆకలికి గింజ పెట్టువాడు, రాత్రి వార్త చేరవేయువాడు ప్రతి యూరను ఉండుటచేతనే ఆ యుద్ధము దాదాపు రెండేండ్లు సాగినది. విల్లు పట్టిన చేతులు కొన్ని. అన్నము వండిన చేతులు వేలు. ఆ రెండవవారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

1923 సెప్టెంబరులో మల్లు దొర పట్టుబడెను. 1924 ఏప్రిలులో రూథర్‌ఫర్డ్ అను నధికారి మన్యమునకు ప్రత్యేక కమిషనరుగా వచ్చి కొండయూళ్లను గట్టిగ బిగించెను. మే 7వ తేదీన మంప గ్రామము వద్ద రాజు పట్టుబడెను. కొయ్యూరునకు తీసికొనిపోయి మేజరు గుడాల్ ఎదుట నిలిపిరి. విచారణ లేదు, వకీలు లేడు, తీర్పు లేదు. చెట్టుకు కట్టి కాల్చి చంపిరి. పారిపోవ యత్నింపగా కాల్చితిమని ప్రభుత్వము చెప్పుకొన్నది. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లైనను నిండలేదు. దేహమును కృష్ణదేవిపేటకు చేర్చి, ఫోటో తీయించి, మరునాడు దహనము చేసిరి.

ఫోటో యెందుకు? ఆ మనుష్యుడు చచ్చెనని నమ్మించుటకు. కృష్ణదేవిపేట యెందుకు? నా బుద్ధికి తోచినది చెప్పెదను. ఆయన కాషాయము కట్టి తపస్సు చేసినది ఆ చుట్టుపట్లనే. ఠాణా పట్టి తుపాకులు తీసికొన్నదియు ఆ యూరనే. ఆయనను బాగుగా నెరిగినవారి కన్నుల యెదుట ఆయనను బూడిద చేసిన కథ ముగియునని పాలకులు తలచియుందురు. కథ ముగియలేదు. ఆయన చావలేదని, ఎక్కడనో బ్రదికియే యున్నాడని చాలకాలము మన్యమున చెప్పుకొనిరి. ఆ మాట నిజము కాదు. కాని జనులు దానిని ఎందుచేత విడువలేదో ఆ సమాధి ముందు నిలువబడినవానికి తెలియును.

లోకములో నాయకుల సమాధులు పెక్కు విధములు. ఇస్రాయేలు దేశపు మొదటి ప్రధానమంత్రి డేవిడ్ బెన్ గురియన్ సమాధి నెగెవ్ ఎడారిలో స్దే బోకెర్ అను పల్లె వద్ద నున్నది. ఆయన 1953లో పదవి విడిచి ఆ యెడారి పల్లెకు కాపురము పోయెను. ఆ మరుభూమిలో జనులు స్థిరపడి దానిని సాగుచేయవలెనని ఆయన పట్టుదల. 1968లో చనిపోయిన భార్య పౌలాను అచటనే ఉంచి, 1973 డిసెంబరు 1న తాను పోయి ఆమె ప్రక్కకు చేరెను. క్రింద లోయ, చుట్టును బోడికొండలు. దేశము తన మాట విన్న నాయకుడు తన చోటు తానే యెన్నుకొనెను. మన రాజునకు ఆ భాగ్యము లేదు. ఆయన చోటును చంపినవారే యెన్నుకొనిరి. ఎన్నుకొనుటవరకే వారి వంతు. దానిని ఉంచుకొనుట జనుల వంతైనది. 1929లో గాంధీమహాత్ముడు, హింసామార్గమును ఒప్పకయే, రాజు ధైర్యమును త్యాగమును మెచ్చి వ్రాసెను. 2022 ఏప్రిలులో ఆయన పేర పాడేరు కేంద్రముగ ఒక జిల్లాయే యేర్పడినది. విచిత్రమేమనగా, ఆయన ప్రాణము విడిచిన కొయ్యూరు ఆ జిల్లాలో నున్నది, బూడిదయైన కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో నున్నది. గీతలు గీయువారికి కొండలు కనబడును గాని కథలు కనబడవు.

ఇప్పుడు రెండవ సమాధి మాట. రాజునకు తోడుగ ఆ కృష్ణదేవిపేటలోనే గంటం దొర సమాధియు నున్నది. రాజు పోయిన నెలకు, 1924 జూన్‌లో, గంటం దొర పోరాడుచు చనిపోయెను. నాయకుడు పోయిన పిమ్మట చేతులెత్తిన ప్రాణము దక్కునేమో. ఆయన ఎత్తలేదు. ఈ సమాధి ముందు యువకులెవ్వరును ఆగలేదు. నేను ఆగితిని. ఎండలో చాలసేపు నిలుచుంటిని. మా కుఱ్ఱవాడు ముప్పదియేండ్ల క్రిందట అడిగిన ప్రశ్నకు జవాబు రాతిరూపమున అక్కడనే యున్నది. వానికి ఉత్తరువు చెప్పవలసిన పండితుడు మాత్రము విశాఖపట్టణమున కూర్చుండి చప్పట్లు కొట్టించుకొనుచుండెను.

తమ్ముడు మల్లు దొర కథ మరియొక విధము. ఆయనకు మొదట ఉరిశిక్ష పడినది. తరువాత దానిని ద్వీపాంతరవాస శిక్షగా మార్చి అండమానునకు పంపిరి. స్వరాజ్యము వచ్చి, 1952 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు, ఆ మల్లు దొరయే విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికై ఢిల్లీ పోయెను. దొరతనమువారు ఉరితీయదలచిన కొండమనిషి, దొరతనము పోయిన ఐదేండ్లకు, మన ఓడరేవు పట్టణమునకు ప్రతినిధియై చట్టసభలో కూర్చుండెను. చరిత్రలో ఇంతకంటె గొప్ప న్యాయము తరచుగ జరుగదు. అట్టి కథ నా యూరిదే యైయుండి నా యుపన్యాసములో లేకపోయినది. పరీక్షకు రాదంటిని.

పెద్దలారా, మహాభారతమున యుద్ధము ముగిసిన పిమ్మట ధర్మరాజు చేసిన పని మీకు తెలిసినదే. రాజులకును బంధువులు గలవారికిని మాత్రమే గాక, దిక్కులేక పడియున్న వారికి గూడ దహనసంస్కారములు చేయించెను. గెలిచినవాని మొదటి కర్తవ్యము అదియని వ్యాసుని యభిప్రాయము. మన తర్పణవిధియందును ఇట్టి యేర్పాటే కలదు. తండ్రి తాతల పేర్లు చెప్పి నీళ్లు విడిచిన తరువాత, చివర వస్త్రము పిండి, సంతతి లేక పోయినవారికి గూడ ఆ నీరు విడుతుము. పేరు తెలియకున్నను బాకీ బాకీయే. ఈ యాచారము నేను నేర్చినదే, ఏటేట చేసినదే. చరిత్రపాఠము చెప్పునప్పుడు మాత్రము మరచితిని. ఒక్క పేరునకు గంపెడు పూలు పోసి, తక్కినవారికి గుక్కెడు నీళ్లు విడువనైతిని.

ఇట్లనుటచేత రాజు గొప్పతనము తగ్గునని యెవరును తలపవలదు. దీపము వెలుగును పొగడుచు నూనె మాట యెత్తితిమేని దీపమునకు చిన్నతనమేమి? కొండవారి నొప్పిని తన నొప్పిగా చేసికొనుటయే ఆయన గొప్పతనము. ఆ నొప్పి యేమో, అది యెవరిదో చెప్పక ఆయనను ఒంటిగ నిలిపి పొగడితిమేని, ఆయన విల్లమ్ములు మిగులును గాని ఆయన పని మరుగుపడును.

సాయంకాలమగుచుండ సమాధులు రెంటికిని నమస్కరించి, నాకు తెలిసిన పేర్లు పైకి చెప్పితిని. అల్లూరి సీతారామరాజు, గాము గంటం దొర, గాము మల్లు దొర, మొట్టడం వీరయ్య దొర, గోకిరి ఎర్రేసు, అగ్గిరాజు. అంతటితో నాకు తెలిసినవి అయిపోయినవి. సీసాలోని నీరు కొంచెము మిగిలియుండగా, పేరు తెలియనివారి కొరకు ఆ మట్టిపై పోసితిని. ఎండిన నేల ఒక్క గుటకలో త్రాగివేసినది.

మీకు నాదొక మనవి. మీ మీ యూళ్లలోను ఇట్టివారుందురు. ఉప్పు వండి చెరసాలకు పోయినవారు, కూలి కొరకు కొట్లాడినవారు, చెరువు తెగినప్పుడు గండికి అడ్డముపడి చనిపోయినవారు. వారి పేర్లు ఏ పుస్తకమునకును ఎక్కవు. ఎరిగినవారు మీరే. ఒక చిన్న నోటుపుస్తకమున వ్రాసి మీ యూరి బడికి ఇయ్యుడు. పిల్లవాడెవడైన అడిగినప్పుడు, నావలె వానిని కూర్చుండబెట్టక, దగ్గరకు పిలిచి చెప్పుడు. తెలియనిచో తెలియదని చెప్పి, వానితో కలసి వెదకుడు.

ఆనాటి కుఱ్ఱవాడు ఇప్పుడెక్కడ నున్నాడో నాకు తెలియదు. నడివయసు దాటినవాడై యుండును. ఉక్కు కర్మాగారములో పనిచేయుచున్నాడో, కొండమీది తన యూరికే పోయి పొలము చేసికొనుచున్నాడో. ఈ మాటలు గాలిలో పోవుచున్నవి గనుక ఆతని యింటి రేడియోకును చేరవచ్చును. నాయనా, నీవడిగిన ప్రశ్న సరియైనది. రాజుగారొక్కరే చేయలేదు. గంటం దొర ఆయన తోడనే యున్నాడు. నేను పోయి చూచి వచ్చితిని.